పద్నాలుగో పాఠం

అందరూ ఆమెను టీచరమ్మ అనే పిలుస్తారు గానీ ఆవిడ ఏ బడిలోనూ ఉద్యోగం చేసిన మనిషి కాదు. వారంలో ఆరు రోజులు పెద్దాసుపత్రి నేలమాళిగలో, బట్టల విభాగంలో పని. పై అంతస్తుల నుంచి మూటలు మూటలుగా దిగే దుప్పట్లూ దిండు గలీబులూ రోగుల చొక్కాలూ అక్కడ ఉడికి, పిండించుకుని, ఆరి చివరికి ఆమె చేతికొస్తాయి. పెద్ద ఇస్త్రీ యంత్రం నోటికి దుప్పటి అంచు అందించాలి. అవతలి నుంచి వచ్చినదాన్ని ఎదుటి మనిషితో కలిసి నాలుగు మడతలు వెయ్యాలి. ఇరవై ఆరేళ్లుగా అదే పని. సాయంత్రానికి ఒళ్లు హూనమై, ఇంటి మెట్లు ఎక్కేటప్పుడు ఒక్కో మెట్టు దగ్గరా ఆగి ఊపిరి పీల్చుకుంటుంది.

ఏడో రోజు మాత్రం ఆమె టీచరమ్మ. ప్రార్థన మందిరం కింద తక్కువ ఎత్తు కప్పు ఉన్న గది ఒకటి ఉంది. గోడలకు మోకాలి ఎత్తు వరకూ చెమ్మ. పొట్టి బెంచీలు. అక్కడ పిల్లలకు ధర్మపాఠాలు చెబుతుంది. జీతం లేదు, సెలవు లేదు. భర్త పోయిన వారం తప్ప ముప్ఫై ఒక్కేళ్లలో ఒక్క తరగతీ తప్పలేదు.

పుస్తకంలో ఇరవై రెండు పాఠాలు. అందులో పిల్లలు పట్టుబట్టి మళ్లీ మళ్లీ చెప్పించుకునేది పద్నాలుగో పాఠం. పేరు ‘ఓర్పు’. భర్త కోపంతో గెంటేస్తే గుమ్మం ముందు వానలో కూర్చున్న ఇల్లాలి కథ అది. ఆమె తలుపు బాదదు, పుట్టింటికి పోదు, ఇరుగు పొరుగుకు చెప్పదు. వాన తగ్గాక భర్త తలుపు తీసి, చలికి కొయ్యబారిపోయిన మనిషిని చూసి, కాళ్ల మీద పడి ఏడుస్తాడు. ఆ తర్వాత జన్మలో చెయ్యెత్తడు. టీచరమ్మ ఆ కథ చెబుతుంటే గదిలో ఈగ వాలినా వినపడేది. వాన చప్పుడు కోసం వేళ్లతో బల్ల మీద వాయించేది. భర్త గొంతు బొంగురుగా పెట్టేది. చివరి వాక్యం పిల్లలందరూ కలిసి అనేవాళ్లు: “ఓర్చుకున్నవారి కన్నీళ్లు దేవుడు దోసిట్లో పడతాడు.”

ఆమె కథను అంత బాగా చెప్పడానికి కారణం ఉంది. తనూ అలా కూర్చున్న మనిషే. భర్త తాగినప్పుడు ఒక మనిషి, తాగనప్పుడు ఒక మనిషి. తాగని రోజులు తక్కువ. ఆయన ఏనాడూ కాళ్ల మీద పడలేదు. కాలేయం చెడి, ఆరేళ్ల కింద ఆమె పనిచేసే ఆసుపత్రిలోనే, ఆమె మడత పెట్టిన దుప్పటి మీదే పోయాడు. అయినా ఆమె నమ్మకం చెక్కు చెదరలేదు. కథలో వాన తొందరగా తగ్గింది, తనకు తగ్గలేదు, అంతే తేడా అనుకుంది. దోసిలి నిండుతూనే ఉంటుందని గట్టి నమ్మకం.

ఆ మధ్య మందిరంలో పాత బోధకుడు తప్పుకుని కొత్తాయన వచ్చాడు. కొత్తాయన అంటే ఎవరో కాదు, ఆమె దగ్గర ఆ పొట్టి బెంచీల మీద కూర్చుని చదువుకున్నవాడే. వయసు ముప్ఫై నాలుగు. వస్తూనే ఒక్కొక్కటీ మార్చడం మొదలుపెట్టాడు. ఆడవాళ్లు ముందు వరసలో నిలబడి ప్రార్థన చదవొచ్చన్నాడు. విడిపోయినవాళ్లు మందిరంలో మళ్లీ పెళ్లి చేసుకోవచ్చన్నాడు. ముసలివాళ్లు గొణిగారు. అయినా వద్దని గట్టిగా అనేవాళ్లు లేరు, ఎందుకంటే మందిరం సగం ఖాళీ. ఒకప్పుడు నలభై మంది పిల్లలు కిక్కిరిసే ఆమె గదిలో ఇప్పుడు తొమ్మిది మంది. మిగిలినవాళ్ల తల్లిదండ్రులు, ఇంకా ఆ కాలపు మాటలేనా అని, పిల్లల్ని ఈత నేర్చుకోవడానికి పంపుతున్నారు.

ఒక రోజు ఆమె గదిలో బల్ల మీద అట్టపెట్టె కనిపించింది. కొత్త పుస్తకాలు. నున్నటి కాగితం, రంగుల బొమ్మలు. ఆమె కళ్లజోడు తుడుచుకుని తిరగేసింది. పంతొమ్మిది పాఠాలే ఉన్నాయి. పద్నాలుగో పాఠం పేరు ‘ఇంట్లో గౌరవం’. చెయ్యెత్తేవాడి దగ్గర ఉండాల్సిన పని లేదని, సాయం అడగడం పాపం కాదని, దేవుడు ఎవరి దెబ్బలనూ కోరడని రాసి ఉంది. రెండుసార్లు చదివింది. ఒక్క ముక్క కూడా కాదనడానికి లేదు. అందుకే ఆమెకు భయమేసింది.

బోధకుడు కిందికి వచ్చాడు. “పాత పుస్తకాలన్నీ ఈ పెట్టెలో వేసెయ్యండి టీచరమ్మా. పాత కాగితాల వాడు వస్తాడు.”

“గురువుగారూ, ఓర్పు పాఠం లేదేమిటి?”

“కాలం మారింది కదమ్మా. ఇప్పుడు అది చెబితే ఎవరూ ఒప్పుకోరు.”

“ఒప్పుకోరని తీసేశారా, తప్పని తీసేశారా?”

ఆయన పెట్టె మూత సవరించాడు. “రెండూ అనుకోండి.”

“దేవుడు మారాడా మరి?”

“దేవుడు మారలేదు. మనమే ఆయన్ని సరిగ్గా అర్థం చేసుకోలేదు.”

“మనం అంటే?” అంది ఆమె. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. “మీరంతా ఇచ్చిన పుస్తకమే నేను చెప్పాను. ముప్ఫై ఒక్కేళ్లు చెప్పాను. నీకూ చెప్పాను నాయనా.”

నోరు జారి నాయనా అనేసింది.  ఆయన పైన ఎవరో పిలుస్తున్నారని చెప్పి వెళ్లిపోయాడు.

మర్నాడు పనిలో, ఎదురుగా నిలబడి మడతలు వేసే ఆవిడతో ఈ మాట అంది. ఆవిడకూ దేవుడికీ ఎప్పటి నుంచో మాటల్లేవు. చుట్టరికం లేకపోయినా ఇద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటారు.

“మీ దేవుడు మన సూపర్‌వైజర్ లాంటివాడే వదినా,” అని నవ్వింది ఆవిడ, దుప్పటి మూల అందుకుంటూ. “కొత్త రూల్ పెడతాడు. మరి పాత రూల్ పెట్టిందెవరయ్యా అంటే గోడ గడియారం వైపు చూస్తాడు.”

టీచరమ్మ కూడా నవ్వింది. వేసిన మడత విప్పి మళ్లీ వేసింది.

రెండు వారాలు గడిచాయి. తరగతి మొదలయ్యే ముందు ఒకావిడ పదేళ్ల పిల్ల చెయ్యి పట్టుకుని గది గుమ్మంలో నిలబడింది. టీచరమ్మ వెంటనే గుర్తుపట్టలేదు. చిన్నప్పుడు గుక్క తిప్పుకోకుండా వాగుతుందని అందరూ పిచ్చుక అని పిలిచిన పిల్ల అది. ఇప్పుడు నెమ్మదిగా మాట్లాడుతోంది. ఎదుటివాళ్లు మాట్లాడితే తల ఒక పక్కకు వంచుతోంది.

“దీన్ని చేర్పిద్దామని వచ్చాను టీచరమ్మా. ఇంటి దగ్గర ఒక్కతే ఉండాల్సి వస్తోంది.”

“చేర్పించు తల్లీ. రా, కూర్చో.”

పిచ్చుక కూర్చుని కొత్త పుస్తకం తీసి తిరగేసింది. ఒక చోట ఆగింది. అక్కడే చాలాసేపు ఉండిపోయింది.

“ఇది ఎప్పుడు మార్చారు?”

“పోయిన నెల.”

“పోయిన నెల,” అని తనలో తాను అనుకున్నట్టు అంది. తర్వాత కూతుర్ని బయట ఆడుకోమని పంపింది. “టీచరమ్మా, నేను మీ దగ్గరకు వచ్చిన రోజు మీకు గుర్తుందా? పెళ్లయిన రెండో ఏడు. చెయ్యి వాచి ఉంది.”

గుర్తుంది. ఇదే గదిలో. ఆ రోజు ఆమె పిచ్చుకకు మంచినీళ్లిచ్చి, వాచిన చేతికి తడిగుడ్డ చుట్టి, పద్నాలుగో పాఠం చెప్పింది. కొత్తగా ఏమీ చెప్పలేదు. ఆ కథే, ఆ మాటలే. వాన తగ్గుతుంది తల్లీ అంది.

“తిరిగి ఆయన దగ్గరకే వెళ్లాను,” అంది పిచ్చుక. “ఇంకో ఏడేళ్లు ఉన్నాను. ఈ చెవి పోయింది. పిల్లని గోడకేసి కొట్టబోయిన రోజు వచ్చేశాను. కోర్టూ గొడవా అయ్యాక ఇప్పుడు మందుల షాపులో పని చేస్తున్నా. బాగానే ఉన్నాం. మిమ్మల్ని అనడానికి రాలేదు, ఒట్టు. కానీ ఇది చూస్తే…” పుస్తకం మూసింది. “ఒక పేజీ తీసేస్తే అయిపోయిందా టీచరమ్మా? ఎవరైనా ఒక మాట చెప్పాలి కదా?”

 పిచ్చుక ఎదురు చూసింది. కాసేపటికి లేచి, “పిల్ల ఆరింటికి బయటికొస్తే చాలు, నేనొచ్చి తీసుకెళ్తా,” అని వెళ్లిపోయింది.

ఆ రోజు తరగతి ఎలా నడిచిందో ఆమెకే తెలియదు. ఇంటికి వెళ్లి కొడుకుతో చెప్పింది. కొడుకు సిటీ బస్సు డ్రైవరు. పెళ్లి చేసుకోలేదు, మందిరం గడప తొక్కడు. వాడు బూట్లు విప్పుతూ అంతా విన్నాడు.

“నాన్న గిన్నె విసిరితే నా నుదురు పగిలింది, గుర్తుందా? పసుపు అద్ది, ఒళ్లో పడుకోబెట్టుకుని నువ్వు చెప్పింది ఆ కథే.”

“నీకు నిద్ర పట్టాలని చెప్పాన్రా.”

“నాకు పట్టలేదమ్మా. నీకు పట్టింది,” అన్నాడు వాడు. మాట కటువుగా వచ్చిందని వాడికే తోచిందేమో, వచ్చి పక్కన కూర్చున్నాడు. తల్లీ కొడుకులు టీ తాగారు. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

మందిరం కమిటీ సమావేశంలో ఆమె లేచి నిలబడింది. అన్నేళ్లలో ఆమె అక్కడ మాట్లాడటం అదే మొదలు. పాఠం తీసేసినందుకు సంతోషమేనని, అయితే ఆ పాఠం విని పెరిగినవాళ్లకు మందిరం తరఫున తప్పయిందని ఒక మాట చెప్పాలని అడిగింది. కమిటీ పెద్ద రిటైరైన ఇంజనీరు, మంచివాడే. “పాత పుళ్లు ఎందుకమ్మా రేపడం? ఉన్న నలుగురూ పోతారు,” అన్నాడు. తర్వాత పైకప్పు కారడం గురించి మాట్లాడుకున్నారు. బోధకుడు తన కాగితాల్లోంచి తల ఎత్తలేదు.

ఇక ఆమె తనకు తోచిన పని తాను మొదలుపెట్టింది. ఆ పాఠం విన్నవాళ్లు వందల్లో ఉంటారు. వాళ్లందరి దగ్గరకూ వెళ్లడం ఆమె వల్లయ్యే పని కాదు. కానీ పెళ్లయ్యాక కష్టమొచ్చి, ఏం చెయ్యమంటారు టీచరమ్మా అని తన దగ్గరకు వచ్చినవాళ్లు, గుర్తున్నంతవరకు, పదిహేడు మంది. షిఫ్టు అయిపోయాక, కాళ్లు పీకుతున్నా, బస్సెక్కి ఒక్కొక్కరి ఇల్లూ వెతుక్కుంటూ బయల్దేరింది.

నలుగురి ఆచూకీ దొరకలేదు. ఒకామె చనిపోయింది. జబ్బు చేసిందన్నారు. ఏం జబ్బని అడగడానికి టీచరమ్మకు ధైర్యం చాలలేదు.

జుట్టు కత్తిరించే షాపు నడుపుతున్న ఒకామె విషయం విని పకపకా నవ్వింది. “మీరు చెప్పిన మర్నాడే నేను పెట్టె సర్దుకుని వచ్చేశా టీచరమ్మా! మీకు తెలిస్తే బాధపడతారని మీ వీధి వైపు రావడం మానేశా. పదిహేనేళ్లుగా దొంగలా చుట్టు తిరిగి పోతున్నా, తెలుసా?” అని ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, వద్దంటున్నా జుట్టు కొసలు కత్తిరించి పంపింది. ఇంకొకరి ఇంట్లో భర్తే తలుపు తీశాడు. ఎందుకొచ్చారని అడిగాడు. ఆమె దాచకుండా చెప్పింది. అతను తలుపేసుకున్నాడు. మరొకామె విని, “సరే,” అంది.  వీధి చివరి వరకూ వచ్చి బస్సెక్కించి వెళ్లింది.

తొమ్మిదో ఇల్లు నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. ఆమె పైకి చేరేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. తలుపు తీసిన మనిషికి నలభై దాటి ఉంటాయి. లోపల మంచం మీద భర్త. పక్షవాతం వచ్చి రెండేళ్లయింది. నోరు వంకర పోయింది, మాట లేదు. ఈమె ఆయనకు చెంచాతో గంజి పోస్తోంది.

టీచరమ్మ విషయం చెప్పింది. పాఠం తీసేశారు, నేను నీకు చెప్పింది తప్పు, మన్నించమని అడగడానికి వచ్చాను అంది.

ఆమె గంజి గిన్నె కింద పెట్టింది. మొహం ఎర్రబడింది. “ఇది చెప్పడానికా నాలుగంతస్తులెక్కారు? తప్పా? నేను ఇరవై రెండేళ్లు ఓర్చుకున్నాను. ఎందుకున్నావే అని మా అక్కచెల్లెళ్లు నవ్వారు. దేవుడు చూస్తున్నాడని ఉన్నాను. అదొక్కటే నా దగ్గర ఉన్నది. దాన్ని కూడా వచ్చి పట్టుకుపోతారా? ఉత్తిదే అంటే నా ఇరవై రెండేళ్లూ ఏం చేసుకోను చెప్పండి?”

 అది టీచరమ్మ ప్రశ్న కూడా. దోసిలి ఏమైందో, అందులో పడ్డ కన్నీళ్లు ఎటు పోయాయో ఆమె పొద్దస్తమానం దుప్పట్లు మడత పెడుతూ అడుగుతున్నదే. “నాకూ తెలియదు తల్లీ,” అంది. “నాకూ అన్నేళ్లే పోయాయి.”

 మంచం మీద మనిషి మూలిగాడు. పక్క తడిసింది. ఆ ఇల్లాలు విసుగ్గా నిట్టూర్చి దుప్పటి లాగబోతే, “అలా లాగితే నడుం పట్టేస్తుంది, ఉండు,” అని టీచరమ్మ కొంగు నడుముకు దోపింది. రోగిని లేపకుండా పక్క మార్చే పద్ధతి, మూటలు పైకి పట్టుకెళ్లినప్పుడల్లా వార్డుల్లో చూసి చూసి ఆమెకు వచ్చు. ఒక పక్కకు దొర్లించి, పాతది చుట్టి, కొత్తది పరిచి, ఇవతలికి దొర్లించి లాగారు. నాలుగు మూలలూ బిగించారు. పని అయ్యాక ఆ ఇల్లాలు చేతులు కడుక్కుని వచ్చి, మెల్లగా, “ఇంకోసారి చూపిస్తారా? నేను రోజూ చస్తున్నా దీంతో,” అంది. టీచరమ్మ మళ్లీ చూపించింది. మన్నించానని ఆమె అనలేదు. ఈమె మళ్లీ అడగనూ లేదు.

తలుపేసుకున్న భర్త ఊరుకోలేదు. కమిటీ పెద్ద దగ్గరకు వెళ్లి, మీ టీచరమ్మ కాపురాలు కూలుస్తోందని గొడవ చేశాడు. రెండు రోజుల్లో బోధకుడు నేరుగా ఆసుపత్రి నేలమాళిగకు వచ్చాడు. భోజనాల వేళ. యంత్రాలు ఆగి ఉన్నాయి. ఆవిరి వాసన మధ్య, మూటల పక్కన, ఆయన తెల్లటి చొక్కాతో ఎక్కడ నిలబడాలో తెలియనట్టు నిలబడ్డాడు.

“తిరగడం ఆపమంటున్నారు టీచరమ్మా. లేకపోతే తరగతి వేరేవాళ్లకు ఇస్తారట.”

“ఇంకా ముగ్గురున్నారు,” అంది ఆమె, డబ్బా మూత పెడుతూ. “వాళ్లయ్యాక ఇచ్చెయ్యమను. మోకాళ్లు కూడా అదే అంటున్నాయి.”

 ఆయన ఒక మూట మీద కూర్చున్నాడు. “నాకు పదమూడేళ్లప్పుడు మా అమ్మ బ్యాగు సర్దుకుంది. నన్నూ చెల్లినీ తీసుకుని మామయ్య దగ్గరకు పోదామంది. నేను గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఆ కథ చెప్పాను. మీరు చెప్పినట్టే. వాన చప్పుడుతో సహా.” ఆయన చేతుల వైపు చూసుకున్నాడు. “మా అమ్మ బ్యాగు విప్పేసింది. తర్వాత ఎన్నేళ్లు ఉందో మీకు తెలుసు.”

టీచరమ్మకు తెలుసు. ఆ తల్లి పోయిన రోజు దుప్పటి కప్పింది తనే.

“పాఠం తీయించింది అందుకే. కమిటీకి మాత్రం, కాలం మారింది, ఇలాగైతే ఎవరూ రారు అని చెప్పాను. అలా చెబితేనే ఒప్పుకుంటారని.”

ఆమె డబ్బా పక్కన పెట్టింది. “నువ్వప్పుడు పసివాడివి నాయనా,” అంది. “నీకు నేర్పింది నేను.”

“నేర్చుకున్నది నేను,” అన్నాడు ఆయన.

ఆ వారం ప్రార్థన అయ్యాక బోధకుడు కాగితం లేకుండా మాట్లాడాడు. ఇన్నేళ్లు ఈ మందిరంలో చెప్పిన ఒక పాఠం తప్పని, అది నమ్మి ఇళ్లల్లో నలిగిపోయినవాళ్లు ఉన్నారని, దానికి కాలాన్ని అనడం న్యాయం కాదని, చెప్పినవాళ్లం మనమేనని అన్నాడు. తన తల్లి సంగతీ చెప్పాడు. మొత్తం ఐదు నిమిషాలు పట్టలేదు. కమిటీ పెద్ద లేచి బయటికి వెళ్లాడు. ఆయన వెనకే ఇద్దరు ముగ్గురు. వెనక వరసలో ఒక ముసలావిడ చెంగుతో కళ్లు ఒత్తుకుంది. పక్కనున్న మనవరాలు ఫోన్ చూసుకుంటోంది. ఆకాశం విరిగి మీద పడలేదు. మెట్లు దిగుతూ జనం బస్సుల సమ్మె గురించి మాట్లాడుకున్నారు. జరిగింది అంతే. అంత చిన్న మాట కోసం ఇంతమంది ఇన్నేళ్లు ఆగారా అని టీచరమ్మకు నీరసం ముంచుకొచ్చి, మెట్ల మీదే కాసేపు కూర్చుంది.

మిగిలిన ముగ్గురి ఇళ్లకూ వెళ్లింది. అందులో ఒకటి పిచ్చుక ఇల్లు. అక్కడికి చివర వెళ్లింది, ఎందుకంటే అదే అన్నిటికన్నా కష్టం. చెప్పాల్సింది చెవి వినపడే పక్క కూర్చుని చెప్పింది. పిచ్చుక మొత్తం విని, “మీరు వచ్చారు కదా,” అని మాత్రం అంది. కూతురి హోంవర్కు చూడమని పుస్తకం చేతికిచ్చి, వంటగదిలోకి వెళ్లి చాలాసేపు పంపు తిప్పి ఉంచింది.

తరగతిని ఎవరూ తీసుకోలేదు. తీసుకునేవాళ్లు లేరు. ఇంజనీరుగారి మనవడు మానేశాడు, పిచ్చుక కూతురు చేరింది, లెక్క మళ్లీ తొమ్మిదే. టీచరమ్మ కొత్త పుస్తకం చెబుతోంది. ఇందులో కథలు తక్కువ, మాటలు ఎక్కువ. పిల్లలు ఆవలిస్తారు. మధ్యలో ఆమె తన సొంతంగా ఒకటి రెండు కథలు కల్పించి కలుపుతోంది. ఇంటికొచ్చి ప్రార్థనకు కూర్చుంటే, ఇదివరకటిలా ఓర్చుకున్నవన్నీ విన్నవించుకోవడం లేదు. ఊరికే కూర్చుంటుంది. నమ్మకం పోయిందా అంటే పోలేదు. అయితే ఇప్పుడు దేన్ని నమ్ముతోందో అడిగితే చెప్పడం ఆమె వల్ల కాదు. ఒక్కోసారి కూర్చునే నిద్రపోతుంది.

ఒకసారి తరగతిలో కొత్త పద్నాలుగో పాఠం చెబుతుంటే పిచ్చుక కూతురు చెయ్యెత్తింది. “టీచరమ్మా, ఇది నిజంగా దేవుడే చెప్పాడా?”

పూర్వమైతే ఆమె ఆలోచించకుండా అవుననేది. ఇప్పుడు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“మనుషులు రాశారమ్మా. దేవుడు ఇలాగే అంటాడని వాళ్లకు తోచింది. నాకూ ఇలాగే తోస్తోంది.”

“రేపు ఇది కూడా తప్పని మార్చేస్తే?”

“మారిస్తే, మీ ఇంటికి వచ్చి చెబుతాను.”

“మా ఇల్లు దూరం కదా. రెండు బస్సులు మారాలి.”

“అవును,” అంది టీచరమ్మ. “దూరమే.”

పిల్లలు వెళ్లిపోయాక బెంచీలు గోడకు జరిపి, కిటికీ వేసి, లైటు ఆర్పింది. మర్నాడు ఉదయం ఆరింటికి షిఫ్టు.